పాత వాయో, కొత్త కెర్నెల్

యూఎస్‌బీ పోర్టులో ఏదైనా పెట్టగానే కంప్యూటర్‌కూ దానికీ మధ్య కళ్లు మూసి తెరిచేలోగా ఒక పరిచయం జరుగుతుంది. దీన్ని ఎన్యూమరేషన్ అంటారు. కొత్తగా వచ్చిన పరికరానికి సొంత చిరునామా ఉండదు, సున్నా నంబరు మీదే పలుకుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని హబ్ డ్రైవర్ దాన్ని రీసెట్ చేసి, 1 నుంచి 127 లోపు ఒక నంబరు కేటాయించి, 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్‌ను చదువుతుంది. తయారు చేసింది ఎవరు, మోడల్ ఏది అన్న వివరాల కోడ్‌లు ఆ 18 బైట్లలోనే ఉంటాయి. ఈ పరిచయం చెడిపోతే పైనున్న ఏ డ్రైవరూ చేయగలిగిందేమీ లేదు. ఆ వస్తువు ఏమిటో కూడా సిస్టమ్‌కు తెలియదు.

లైనక్స్‌లో ఈ పరిచయానికి రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో ఒక్కసారి రీసెట్ చేసి, ముందు చిరునామా ఇచ్చి, తర్వాత డిస్క్రిప్టర్ అడుగుతారు. కొత్త పద్ధతిలో సున్నా చిరునామా మీదే 64 బైట్లు అడిగి, వచ్చిన మొదటి ప్యాకెట్ చూసుకుని, రెండోసారి రీసెట్ చేసి, అప్పుడు చిరునామా ఇస్తారు. విండోస్ చాలాకాలం ఈ రెండో దారిలోనే నడిచింది. తయారీదార్లు ఎక్కువగా విండోస్ మీదే పరీక్షించి సరుకు బయటికి పంపుతారు. అందువల్ల యూఎస్‌బీ ప్రమాణంలో ఏం రాసి ఉన్నా, విండోస్ అడిగే వరుసే ఆచారమైపోయింది. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన ఇంటెల్ ఇంజనీర్లలో వడోదరలో చదువుకున్న అజయ్ భట్ ఒకరు. ఏ పరికరమైనా ఏ కంప్యూటర్‌తోనైనా కలవాలన్నది అప్పటి ఆశయం. ఆ ఆశయం చాలావరకు నెరవేరింది. నెరవేరని కాస్త భాగాన్నే డ్రైవర్ రాసేవాళ్లు రోజూ మోస్తున్నారు.

2020లో వెనక్కి తీసుకున్న ఒక మార్పు కథ ఇక్కడ తెలుసుకోదగ్గది. హై స్పీడ్ పరికరాలకు ముందు పాత పద్ధతిని ప్రయత్నించి, కుదరకపోతే కొత్తదానికి వెళ్లేలా హబ్ డ్రైవర్‌ను మార్చారు. కారణం సబబైనదే. రీసెట్ ఒక్కటే కాబట్టి కాస్త సమయం కలిసొస్తుంది. పైగా విండోస్ 8 నుంచి హై స్పీడ్ పరికరాలకు ఈ పద్ధతే వాడుతున్నారని మార్పు చేసినవారి వాదన. అయితే ఒక సోనీ వాయో లాప్‌టాప్‌లో అమర్చి ఉన్న రికో వెబ్‌క్యామ్ కనిపించకుండా పోయింది. పాత పద్ధతిలో పలకరించగానే అది బిగుసుకుపోయేది. ఆ తర్వాత కొత్త పద్ధతిలో అడిగినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఒకటి కాకపోతే ఇంకొకటి ఉందిలే అన్న భరోసా అక్కడే దెబ్బతింది. కరెంటు పూర్తిగా తీసి మళ్లీ ఇస్తే తప్ప ఆ కెమెరా తేరుకునేది కాదు.

నిన్నటిదాకా పనిచేసింది అప్‌డేట్‌తో ఆగిపోతే అది రిగ్రెషన్. దాన్ని పట్టుకోవడానికి మొదటి మెట్టు చాలా తేలిక. చాలా లైనక్స్ డిస్ట్రోలు పాత కెర్నెల్‌ను గ్రబ్ అనే బూట్ మెనూలో ఉంచుతాయి. అదే యంత్రాన్ని దానితో బూట్ చేసి చూడాలి. పాతదానిలో పనిచేసి కొత్తదానిలో చేయకపోతే కేబుల్ మీదా పోర్టు మీదా అనుమానం దాదాపు తీరిపోతుంది. తర్వాత కెర్నెల్ సందేశాలుండే డీమెసేజ్ లాగ్ చూడాలి. ఎర్రర్ -71 అంటే సంభాషణ వరుస తప్పిందని, -110 అంటే జవాబు గడువులోగా రాలేదని అర్థం. ఆ సంఖ్య కన్నా అది ఏ దశలో వచ్చిందన్నది ముఖ్యం. చిరునామా ఇచ్చేటప్పుడా, డిస్క్రిప్టర్ చదివేటప్పుడా, అంతా అయ్యాక నిద్రలోంచి లేచేటప్పుడా? ఇంకా లోతుకు వెళ్లాలంటే యూఎస్‌బీమాన్ ఉంది. కెర్నెల్ పంపిన ప్రతి అభ్యర్థననూ, వచ్చిన ప్రతి జవాబునూ అది నమోదు చేస్తుంది.

అసలు దోషి కమిట్‌ను, అంటే కోడ్‌లో నమోదైన మార్పును, తేల్చేది గిట్ బైసెక్ట్. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌ను లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో కెర్నెల్ కోసమే రాశాడు. పక్కపక్క కెర్నెల్ వెర్షన్ల మధ్య సాధారణంగా 12 వేల నుంచి 16 వేల దాకా మార్పులుంటాయి. మంచి వెర్షన్ ఒకటి, చెడ్డ వెర్షన్ ఒకటి చెబితే బైసెక్ట్ సరిగ్గా మధ్యనున్న కమిట్‌ను ముందు పెడుతుంది. కంపైల్ చేసి, బూట్ చేసి, మంచిదో చెడ్డదో చెబితే సగం మార్పులు తప్పుకుంటాయి. 14 సార్లకు అటూ ఇటూగా ఒకే కమిట్ మిగులుతుంది. డ్రైవర్స్ యూఎస్‌బీ డైరెక్టరీ వరకే వెతికితే పని ఇంకా తగ్గుతుంది. కానీ తప్పు పవర్ మేనేజ్‌మెంట్‌లోనో పీసీఐ కోడ్‌లోనో ఉంటే ఆ అడ్డదారి ఎటూ చేర్చదు.

ఈ పనిలో యంత్రం చేయలేనిది ఒక్కటే: నిజాయితీ గల పరీక్ష. ఆ వాయో కెమెరా లాంటిది ఉంటే మామూలు రీబూట్ చాలదు. చెడ్డ కెర్నెల్ దాన్ని బిగుసుకుపోయేలా చేశాక, కరెంటు తీయకుండా మంచి కెర్నెల్‌ను ఎక్కిస్తే అదీ చెడ్డదిగానే కనిపించవచ్చు. ఒక్క తప్పు జవాబు చాలు, ఆ తర్వాతి గంటలన్నీ అమాయకపు కమిట్‌ల చుట్టూ తిరుగుతాయి. అందుకే ప్రతిసారీ పూర్తిగా ఆపాలి. లాప్‌టాప్‌లోపలి పరికరమైతే, వీలుంటే బ్యాటరీ కూడా తీయాలి.

దోషి దొరికాక దిద్దుబాటు ఎలా? తేడా చేసే పరికరాలకు కెర్నెల్‌లో క్వర్క్స్ పట్టిక ఉంది. తయారీదారు నంబరు, మోడల్ నంబరు రాసి పక్కన మినహాయింపు చేర్చవచ్చు. ఇక్కడ అదీ పనికిరాదు. ఆ నంబర్లు ఉండేది డిస్క్రిప్టర్‌లో, పరికరం మొరాయించేది అది చదవకముందే. చాలా ఏళ్లుగా యూఎస్‌బీ కోడ్ చూస్తున్న అలన్ స్టెర్న్ మార్పు మొత్తాన్నీ వెనక్కి తీసేశాడు. కొత్త పద్ధతే మళ్లీ ముందుకు వచ్చింది. ఒక్క కెమెరా కోసం అందరి వేగాన్నీ వదులుకోవాలా అని అడిగేవారుంటారు. వదులుకోవాల్సిందే. పనిచేస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టిన నియమం. ప్రమాణం ప్రకారం తప్పు పరికరానిదే అయినా నష్టపోయింది దాన్ని నమ్ముకున్న మనిషి.

పైగా వాయో వ్యాపారాన్ని సోనీ 2014లోనే అమ్మేసింది. అలాంటి యంత్రంలోని కెమెరాను కొత్త కెర్నెల్ మీద పరీక్షించే ప్రయోగశాలను ఎవరు నడుపుతారు? దాన్ని ఇంకా వాడుతున్నవారే దిక్కు. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ల బజారు ఉంది. అక్కడ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, విండోస్ బరువు మోయలేక లైనక్స్ వేసుకున్న విద్యార్థి చేతిలో ఉన్నది సరిగ్గా ఇలాంటి యంత్రమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయినా, తెలుగువారి స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయినా అడుగున నడిచేది లైనక్స్ కెర్నెలే. ఆ కెర్నెల్‌లో కనబడిన లోపం ప్రపంచమంతటికీ చెందుతుంది.

కాబట్టి అప్‌డేట్ తర్వాత కెమెరా గానీ ప్రింటర్ గానీ మాయమైతే పాతబడిపోయిందిలే అని పక్కన పడేయకండి. పనిచేసిన కెర్నెల్‌ను తీసేయకండి. రెండు కెర్నెళ్ల డీమెసేజ్ లాగ్‌లు, వెర్షన్ నంబర్లు దాచి, మీ లైనక్స్ తయారీదార్లకు ఫిర్యాదు పంపండి. బైసెక్ట్ కూడా చేయగలిగితే ఆ కమిట్ పేరు జతచేయండి. కెర్నెల్ సోర్స్‌లోని మెయింటెయినర్స్ ఫైల్‌లో యూఎస్‌బీ బాధ్యులెవరో రాసే ఉంటుంది.