‘నేను’ పుట్టే చోటు

1902లో శివప్రకాశం పిళ్ళై అనే రెవెన్యూ ఉద్యోగి తిరువణ్ణామలైలోని అరుణాచలం కొండ మీది విరూపాక్ష గుహకు వెళ్ళారు. అక్కడ మౌనంగా ఉంటున్న యువకుణ్ణి ‘నేనెవరు?’ అని అడిగారు. జవాబులు రాతలోనే వచ్చాయి. ఆ యువకుడే తర్వాత లోకమెరిగిన రమణ మహర్షి. ఆ జవాబులే ‘నేనెవరు?’ అనే చిన్న పుస్తకంగా నిలిచాయి. ఇప్పుడు ప్రతి పౌర్ణమికీ తెలుగువాళ్ళు గిరిప్రదక్షిణకు తండోపతండాలుగా అరుణాచలం వెళుతున్నారు. ఆ కొండ దగ్గర రమణులు బోధించిన ఆత్మవిచారణను కూడా వాళ్ళు వెంట తెచ్చుకోవాలని నా కోరిక. ఎందుకంటే అది నమ్మి ఊరుకునే సిద్ధాంతం కాదు, చేసి చూడవలసిన సాధన.

చేసే తీరు ఇది. మనసులో ఒక తలపు లేస్తుంది. అప్పు వాయిదా గురించో, ఎవరో అన్న మాట గురించో. దాని వెంట పోవద్దు, దానితో కలబడవద్దు. ‘ఇది ఎవరికి కలిగింది?’ అని గమనించాలి. ‘నాకు’ అని తోస్తుంది. ‘ఆ నేను ఎవరు?’ అంటూ చూపును ఆ నేను మీదికే మళ్ళించాలి. మరో తలపు వస్తే మళ్ళీ అదే పని. తలపులన్నిటికీ మొదటిది ‘నేను’ అనే తలపేనని రమణులు చెప్పేవారు. అది ఒళ్ళునో, పేరునో, హోదానో పట్టుకునే నిలబడుతుంది. పట్టుకోవడానికి ఏదీ దొరకకపోతే పుట్టిన చోటే అణగిపోతుంది. అప్పుడు మిగిలే ఎరుకే ఆత్మ.

ఈ సాధన వెనక అద్వైతుల పాత తర్కం ఉంది. కన్ను రూపాన్ని చూస్తుంది. కన్ను మసకబారితే ఆ సంగతి మనసుకు తెలుస్తుంది. మనసు కలత పడితే అదీ తెలుస్తూనే ఉంటుంది. తెలియబడేదేదీ తెలుసుకునేవాడు కాదు. దీన్నే దృక్-దృశ్య వివేకం అంటారు. పన్నెండు మంత్రాల మాండూక్యోపనిషత్తు ఇదే విచారణను మెలకువ, కల, గాఢనిద్రల మీద నడుపుతుంది. ‘ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను’ అంటాం. ఆ నిద్రలో లోకం లేదు, ఒంటి స్పృహ లేదు. అయినా లేచాక ‘నేనే పడుకున్నాను’ అనడానికి మనకు ఏ సాక్షీ అక్కర్లేదు. ఒళ్ళూ మనసూ తోచకపోయినా పోని ఉనికి ఒకటి ఉందని అద్వైతులు ఇక్కడే చూపిస్తారు.

పొరపాటు పడే చోట్లు మూడు. ‘నేనెవరు, నేనెవరు’ అని జపంలా వల్లించడం మొదటిది. ‘నేను బ్రహ్మాన్ని’ అని మనసుకు నచ్చజెప్పుకోవడం రెండోది. అదీ ఒక తలపే. మూడోది మరీ సూక్ష్మం. ప్రాణాయామంతోనో ఏకాగ్రతతోనో మనసు కాసేపు అణగితే, అదే గమ్యమనుకోవడం. రమణులు దాన్ని మనోలయం అన్నారు. లయమైన మనసు మళ్ళీ లేస్తుంది. అందుకే ప్రాణాయామాన్ని ఆయన తోడుగా ఒప్పుకున్నారు గాని గమ్యంగా ఒప్పుకోలేదు.

జపం చేసేవాళ్ళనూ ఆయన కాదనలేదు. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఏళ్ళ తరబడి మంత్రజపం చేసినా తపస్సు స్వరూపం అంతుబట్టక 1907లో ఆయన్ని శరణువేడారు. ‘నేను’ ఎక్కడి నుంచి లేస్తోందో గమనించడమే తపస్సని రమణులు చెప్పారు. మంత్రం జపిస్తుంటే ఆ నాదం పుట్టే చోటును గమనించమన్నారు. ఏ సాధన చేస్తున్నవాణ్ణయినా అక్కడి నుంచే మూలానికి మళ్ళించే ఒడుపు అది. ఆయనకు భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఈ తెలుగు పండితుడే.

అద్వైతం చదివినవాడు బాధ్యతలు వదిలేస్తాడని ఒక అపోహ. ‘అంతా మిథ్య’ అంటూ ఇంటి కష్టానికి ముఖం చాటేసేవాళ్ళు లేకపోలేదు. రమణులు మాత్రం సంసారం వదిలి వస్తామన్నవాళ్ళను ప్రోత్సహించలేదు. వదలవలసింది ఇంటిని కాదు, కర్తనన్న అహంకారాన్ని అనేవారు. తాను తెల్లవారుజామునే ఆశ్రమ వంటింట్లో కూరలు తరిగేవారు. పంక్తిలో తనకు ఎక్కువ వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు. తెలుగింటి ఆడపడుచు సూరి నాగమ్మ ఆశ్రమం నుంచి అన్నగారికి రాసిన లేఖల్లో ఈ నిత్యజీవితమే కళ్ళకు కడుతుంది.

అందుకే ఈ విచారణ విలువను కళ్ళు మూసుకున్నప్పుడు కలిగే వింత అనుభవాలతో కొలవకూడదు. మాట పడ్డ క్షణంలో చూసుకోవాలి. ‘నన్నే అంటారా?’ అని లోపల ఒకటి బుసకొడుతుంది. ఆ దెబ్బ తగిలిందెవరికని అప్పుడే వెనక్కి చూడగలిగితే, కోపం ఎదుటివాడి మీదికి దూకేలోగా దాని వేరు మన కంటపడుతుంది. ఇవ్వాల్సిన జవాబు అప్పుడూ ఇస్తాం, కానీ పగతో ఇవ్వం. దీనికి డబ్బు అక్కర్లేదు, కులం అడ్డురాదు, సన్యాసం తప్పనిసరి కాదు. కొండ దాకా వెళ్ళలేనివారికీ ఇది అందుతుంది. విచారించవలసిన ‘నేను’ ఎక్కడున్నా మనతోనే ఉంది.