జాలి పాఠం చాలదు

సాహిత్యం, వ్యాపారం, యుద్ధచరిత్ర, రోగం: తిరుపతి, చిత్తూరు బడుల్లో ఇవి వేర్వేరు గంటలు. నాలుగింటినీ కలిపే కులానికి మాత్రం గంట లేదు. జాషువా 'గబ్బిలం' (1941) నాయకుడు చెప్పులు కుట్టే అరుంధతీయుడు. అతణ్ణి తెలుగు గంటలో కరుణరసమని చెప్పి వదిలేస్తే ఎట్లా? మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీలో పదును చేసిన తోళ్లు బ్రిటిష్ సైనికుల బూట్లయినాయి. లాభం షావుకారుకు, కంపు మాదిగవాడకు. ఇది వ్యాపార పాఠం కాదా, చరిత్ర కాదా? అదే యుద్ధకాలంలో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయాసుపత్రి తెరిచారు. క్షయక్రిమి కులం అడగదు, నిజమే. గాలాడని గుడిసె ఎవరిదో అడగాల్సింది పాఠమే. మేమడిగేది ఒక్కటే: మా వాడ నాలుగు గంటల్లోనూ కనపడాల.