చూచి వచ్చుటా? చేసి వచ్చుటా?

విజ్ఞానశాస్త్రము చెవులతో కంటె చేతులతో ఎక్కువగా పట్టుబడునని ఉపాధ్యాయులందరు ఎరుగుదురు. అయినను మన ఉన్నత పాఠశాలలలో పెక్కింటియందు ప్రయోగశాల యనగా తాళము వేసిన బీరువాయే. పరీక్షనాళికలు దుమ్ము పట్టి యుండును. ప్రయోగములు నల్లబల్లమీద జరుగును. ఈ లోటును తీర్చుటకు ఒక పద్ధతి వాడుకలోనికి వచ్చినది. విద్యార్థులను బడినుండి ప్రత్యేకముగా ఏర్పరచిన ఒక ఆవరణకు తీసికొనిపోయి, ఒకటి రెండు దినములు వారిచేతనే ప్రయోగములు చేయించుట, నేల, నీరు, చెట్టు మొదలగువానిని కాపాడుకొను తీరు నేర్పుట ఆ పద్ధతి. 6 నుండి 8 వరకు గల తరగతులవారికి పుస్తకాల సంచి లేని పది దినములు ఉండవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సూచించుటతో ఇట్టి యాత్రలకు ఇంకను అవకాశము కలిగినది. ఇవి ఎంతవరకు సైన్సును నేర్పుచున్నవి? ఎంతవరకు చూపి పంపుచున్నవి? ఈ ప్రశ్న వేయక తప్పదు.

కుప్పము కొండలలో

ఇట్టి ఆవరణలలో తెలుగువారికి చేరువలో ఉన్నది చిత్తూరు జిల్లా కుప్పము దగ్గరిది. బ్యాంకు ఉద్యోగము వదలి వచ్చిన రాంజీ రాఘవన్, మరికొందరు కలిసి 1999లో అగస్త్య అంతర్జాతీయ ఫౌండేషను అను సంస్థను స్థాపించిరి. కుప్పము దగ్గర గుడివంకలో దీనికి 172 ఎకరముల ఆవరణ కలదు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మూడును కలియు ప్రాంతమది. చుట్టుపట్ల గ్రామముల బడిపిల్లలు అక్కడికి వచ్చి పనిముట్లు తాకి, విప్పి, బిగించి చూతురు. రాలేని పిల్లలకొరకు సామగ్రి నింపిన బండ్లు గ్రామములకే పోవుచున్నవి. తరిఫీదు పొందిన విద్యార్థులే తోటి విద్యార్థులకు బోధించు ఏర్పాటు కూడ ఉన్నది. తల ఊపు పిల్లవాడు ‘ఎందుకు’ అని అడుగవలెను, ఊరక చూచువాడు పరిశీలించవలెను అనునది ఈ సంస్థ పెట్టుకొన్న ఆశయము.

ఈ ఆశయము గొప్పది. దీని ఫలమును తక్కువచేసి చెప్పరాదు. ఎన్నడును కటకమును చేత పట్టని పిల్లవాడు దానితో ఎండను ఒకచోట చేర్చి కాగితమును కాల్చినప్పుడు వాని మొగమున కనబడు వెలుగు ఏ పాఠమువలనను రాదు. అన్నిటికంటె విలువైన ఉపకరణము ఆ నేలయే. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ భూమిలో మొక్కలు నాటి, వాననీటిని నిలిపి, దానిని పచ్చగా చేసిరి. సుస్థిరత, అనగా రేపటివారికి లోటు రాకుండ నేడు బ్రతుకు విధానము, అక్కడ కంటికి కనబడుచున్నది.

కనబడుట వేరు, తెలియుట వేరు

చిక్కు ఇక్కడనే మొదలగును. ఇది కుప్పమునకే కాదు, ఇట్టి యాత్రలన్నిటికిని వర్తించును. ‘చెట్లు వాననీటిని నేలలోనికి దింపును’ అని మార్గదర్శి చెప్పును. పిల్లలు తల ఊపుదురు. నల్లబల్లనుండి వాక్యము చెట్టు క్రిందికి వచ్చినది, అంతే. వాక్యము మాత్రము నమ్మకముగానే మిగిలినది.

దానిని ప్రయోగముగా మార్చుటకు కావలసినవి రెండు తగరపు డబ్బాలు, ఒక గడియారము. డబ్బాల రెండు మూతులు తీసివేసి, ఒకదానిని చెట్టుక్రింద ఆకులు రాలిన నేలలోను, ఇంకొకదానిని బోడినేలలోను మూడు వ్రేళ్ల లోతు దిగగొట్టవలెను. ఒక్కొక్కదానిలో అరలీటరు నీరు పోసి, అది ఇంకుటకు ఎంతసేపు పట్టునో వ్రాసికొనవలెను. సాధారణముగా బోడినేలలో నీరు చాలసేపు నిలుచును. వానచినుకులు నేరుగా తగిలి మట్టిరేణువులను చెదరగొట్టుటచే సన్నని రేణువులు రంధ్రములను మూసివేయును. చెట్టుక్రింద ఆకుల పొర చినుకుల దెబ్బను కాచును. వేళ్లు, వానపాములు నేలను గుల్లచేయును. బోడినేలలోని ఆ రెండవ డబ్బా లేనిచో ఈ సంగతి ఏదియు తెలియదు. పోల్చి చూచుటకు ఒకటి లేని పరీక్షను ప్రయోగమనుట పొరపాటు. పచ్చనైన ఆవరణను చూపువారు దాని కంచె అవతల ఉన్న బోడినేలను కూడ చూపవలెను.

రెండవ లోపము కాలమునకు సంబంధించినది. 40 మంది పిల్లలకు ఒకే పరికరము, రెండు గంటల కాలము ఉన్నదనుకొందము. ఒక్కొక్కరి చేతికి అది మూడు నిమిషములు వచ్చును. అయిదుగురు చురుకైనవారు ముందుకు వత్తురు. తక్కినవారు వారి భుజములమీదుగా చూతురు. పది ప్రయోగములు చూపితిమని చెప్పుకొనుటకంటె, చవుక సామగ్రితో పది జట్లచేత ఒకే ప్రయోగమును చేయించుట మేలు. అప్పుడు పది జట్లకు పది సంఖ్యలు వచ్చును. అవి ఎందుకు కలియలేదన్న తగవే అసలు పాఠము. వేళ అయినదని మార్గదర్శి ‘సరియైన జవాబు’ చెప్పివేసినచో ఆ పాఠము అక్కడనే ముగియును.

మూడవది కొలత లేకపోవుట. సౌర కుక్కరులో అన్నము ఉడికినదని చప్పట్లు కొట్టుట సులభము. దాని మూతి అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు అనుకొందము. నిర్మలమైన మధ్యాహ్నవేళ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల ఎండ పడును గనుక దానిపై పడునది 250 వాట్లు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు వేడిచేయుటకు 2 లక్షల 10 వేల జౌళ్ల శక్తి కావలెను. పడిన ఎండ అంతయు నీటికే చేరినచో 14 నిమిషములు చాలును. పిల్లల గడియారము 70 నిమిషములు చూపినదనుకొందము. అనగా అయిదింట నాలుగు వంతుల శక్తి ఎక్కడికో పోయినది. అద్దముగుండనా? పెట్టె గోడలగుండనా? గిన్నెను వేడిచేయుటకా? ఈ ప్రశ్నలు పుట్టినప్పుడు సౌర కుక్కరు సైన్సు అగును. పుట్టనిచో అది వింతవస్తువుగానే మిగులును. సుస్థిరత అను మాటకు వెనుక ఉన్నది ఇట్టి జమాఖర్చే. లెక్క లేని ప్రకృతి ప్రేమ నినాదముగా మారిపోవును.

బడికి తిరిగి వచ్చిన తరువాత

ఒక్కదినమున ఉత్సాహము పుట్టించుటయే తమ పని, తక్కినది బడి చూచుకొనవలెనని ఈ కార్యక్రమములను సమర్థించువారు అనవచ్చును. ఆ మాటలో న్యాయమున్నది. కాని బడి చూచుకొనుటకు ఉపాధ్యాయుడు ముందుగా అందులో పాలుగొనవలెను కదా! ఇట్టి యాత్రలలో ఆయనకు సాధారణముగా దక్కు పని పిల్లలను లెక్కపెట్టుట, భోజనములు చూచుట. ప్రయోగబల్లదగ్గర ఆయనకు చోటుండదు. మరునాడు తరగతిలో ఒక పిల్లవాడు లేచి ‘ఎందుకు’ అని అడిగినచో జవాబు వెదకవలసినవాడు మాత్రము ఆయనే.

ఈ విషయమున మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లా, అనగా నేటి నర్మదాపురం, అనుభవము గమనింపదగినది. అక్కడ 1972లో కిశోర భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలలలో ప్రయోగములద్వారా సైన్సు బోధనను ప్రారంభించినవి. 1982 నుండి ఏకలవ్య సంస్థ ఆ బాధ్యత వహించినది. అక్కడ పిల్లలు ఎక్కడికిని పోలేదు; సామగ్రి పెట్టె తరగతికే వచ్చినది. పుస్తకములో జవాబులు లేవు. పిల్లలు ప్రయోగము చేసి కనుగొనవలెను. ఉపాధ్యాయులకు తరిఫీదు ఇచ్చి, నెలనెల సమావేశములు జరిపిరి. పరీక్షలలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును; చేతులతో చేయవలసిన పరీక్ష కూడ ఉండెడిది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము దానిని నిలిపివేసినది. అది నిలిచినను అది చూపిన సత్యము నిలిచియున్నది: ఉపాధ్యాయుడు, పరీక్ష మారనిదే సైన్సు బోధన మారదు. యాత్ర ఎంత మంచిదైనను ఈ రెంటిని తాకనిచో దాని ప్రభావము బస్సు దిగువరకే.

కావున ఇట్టి ఆవరణకు పోవు పాఠశాల మూడు పనులు చేయవచ్చును. పోవుటకు వారము ముందే విద్యార్థులు ఒక ప్రశ్నను ఎన్నుకొనవలెను. అక్కడ ఉపాధ్యాయుడు కూడ ఒక జట్టులో చేరి కొలతలు తీయవలెను. తిరిగి వచ్చిన పిదప అదే కొలతను బడిలో మరల చేయవలెను.

ఇది కష్టమైన పని కాదు. 172 ఎకరములపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినచో సుమారు 1 కోటి 40 లక్షల లీటర్ల నీరు పడును. కుప్పములో ఈ లెక్క వేసిన విద్యార్థి తన బడి కప్పును కొలిచి చూడవలెను. అది 200 చదరపు మీటర్లైనచో అదే వానకు 4,000 లీటర్లు పడును. ఆ నీరు ఎటు పోవుచున్నది? సెకనుకొక చుక్క కారు కుళాయి దినమునకు 86,400 చుక్కలు వదలును. 20 చుక్కలు ఒక మిల్లీలీటరనుకొన్నచో అది నాలుగు లీటర్లకు పైమాట. ఈ లెక్కలకు ఆవరణ అక్కరలేదు, ఖరీదైన పరికరము అక్కరలేదు; ఒక టేపు, ఒక గిన్నె, ఒక గడియారము చాలును.

కుప్పమువంటి ఆవరణలు మనకు ఇంకను కావలెను. కాని వాని విలువను వచ్చిపోయిన విద్యార్థుల సంఖ్యతో కొలువరాదు. ఒక నెల గడచిన తరువాత వారి బడులలో ఎన్ని బీరువాల తాళములు తెరచుకొన్నవో చూచి కొలువవలెను.