శంకరంలో మిగిలిన సంఘారామం

విశాఖకు పడమట, అనకాపల్లి పక్కనున్న శంకరం గ్రామం పేరుకు మూలం ‘సంఘారామం’. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు అక్కడి బొజ్జన్నకొండ బౌద్ధక్షేత్రాన్ని వెలికితీశాయి. అయినా కనుమనాడు అక్కడి విగ్రహాన్ని రాక్షసుడిగా భావించి రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది.

దీన్ని పల్లెజనం మౌఢ్యమని కొట్టిపారేసే రచన సగం నిజమే చెబుతుంది. బౌద్ధక్షేత్రంలోని విగ్రహం రాక్షసుడెలా అయింది? ఆ మార్పు ఎవరి ప్రయోజనానికి పనికొచ్చింది? ఈ ప్రశ్నలు వేయని వారసత్వ సాహిత్యం శిల్పవర్ణనగానే మిగులుతుంది.

కొండరాతిని తొలిచి ఏకశిలా స్తూపాలు మలచిన పనివాళ్ల పేర్లు మనకు తెలియవు. ఉలిగాట్లే వారి సంతకాలు. జనం మరచినదాన్ని జనం నోటిమాట దాచిపెట్టింది. రాతినీ మాటనూ కలిపి చదవడం నేటి రచయిత బాధ్యత.