తండ్రి పోగానే తమ్ముడు

'క్రూసేడర్ కింగ్స్ 3' ఆడేవాళ్లలో చాలామందికి అందులోని పంపకాల చట్టం అంటే ఒళ్లుమంట. నా మటుకు నాకు ఆ ఆటకు ప్రాణం అదే.

స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ఈ కంప్యూటర్ ఆటలో మన చేతికొచ్చేది ఒక వంశం. రాజు చనిపోతే ఆట అయిపోదు, వారసుడిగా మనమే కొనసాగుతాం. ఆట మొదట్లో చాలా రాజ్యాల్లో రాజు కూడబెట్టిందంతా కొడుకుల మధ్య పంపకమైపోతుంది. తొలినాటి పద్ధతైతే మరీ నిర్దాక్షిణ్యం. రెండో రాజ్యానికి సరిపడా నేల మన కింద ఉంటే చాలు, అంతవరకు లేని కిరీటాన్ని సృష్టించి మరీ చిన్నవాడి నెత్తిన పెడుతుంది. సర్వం పెద్దకొడుకుకే దక్కే జ్యేష్ఠాధికారం రావాలంటే మధ్యయుగం చివరి దాకా ఆగాలి.

ఈలోగా తండ్రి మనసు ఎలా మారుతుందో చూడండి. మూడో కొడుకు పుట్టాడని కబురొస్తే ముందు గుర్తొచ్చేది ఏ కోట చేజారుతుందోనని. వీణ్ణి మఠానికి పంపేద్దామా? వంశప్రతిష్ఠను ఖర్చుపెట్టి వారసత్వం నుంచి తప్పిద్దామా? యుద్ధంలో ముందు నిలబెడదామా? ఈ చివరి ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు నా మీదే భయం వేస్తుంది. ఏమీ చేయకుండా ఊరుకున్నా, చదువు చెప్పించి పెళ్లి చేసిన ఆ పిల్లవాడే రాజు కన్నుమూసిన మరుక్షణం నాకు తమ్ముడు, నా సింహాసనం మీద హక్కున్న దాయాది.

ఇదంతా ఆటవాళ్ల అతిశయోక్తి అనుకోవడానికి వీల్లేదు. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం 1087లో చనిపోతూ నార్మండీని పెద్దకొడుకు రాబర్ట్‌కి, ఇంగ్లండ్‌ను విలియం రూఫస్‌కి వదిలాడు. చిన్నవాడు హెన్రీకి డబ్బు మాత్రమే మిగిలింది. 1100లో రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోగానే హెన్రీ ఇంగ్లండ్ కిరీటం అందుకున్నాడు. 1106లో టిన్ష్‌బ్రే దగ్గర అన్నను ఓడించి నార్మండీనీ లాక్కున్నాడు. రాబర్ట్ 1134లో చనిపోయేదాకా తమ్ముడి బందీయే. సెంటు నేల దక్కనివాడికే చివరకు రెండూ దక్కాయి.

ఆటకు మొదలుగా ఎంచుకునే సంవత్సరాల్లో 1066 ఒకటి. పటంలో మన దేశమూ ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వేంగిలో రాజరాజనరేంద్రుడి కొడుకు తల్లి అమ్మంగదేవి వైపు నుంచి రాజేంద్ర చోళుడికి మనవడు. 1070లో అతనే కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. కూతురిని ఏ ఇంటికి ఇస్తున్నామో ఆటలో ఒకటికి రెండుసార్లు చూసుకోవడం నేను అతని వల్లే అలవాటు చేసుకున్నాను.

జ్యేష్ఠాధికారం వచ్చాక తమ్ముళ్లు నిశ్చింతగా పెరుగుతారు, రాజ్యం చీలకుండా పెరుగుతుంది, నాకు తోచుబడి కాదు. అప్పుడు దాన్ని అక్కడే వదిలి మళ్లీ 1066కి వెళ్తాను. ఇద్దరు కొడుకులున్న చిన్న ప్రభువు ఎవరైనా దొరుకుతాడేమోనని పటమంతా వెతుకుతాను.