ఏనుగుకూ ఒక సర్వీసు రిజిస్టరు

బర్మా టేకు అడవుల్లో పనివాళ్ల లెక్క ఏనుగుతో మొదలవుతుంది. ఒక్కో ఏనుగుకు ఒక పేరు, ఒక నంబరు, ఒక పుస్తకం. ఎప్పుడు పుట్టింది, తల్లి ఎవరు, అడవిలో పట్టినదైతే ఎక్కడ పట్టారు, ఎన్నిసార్లు ఈనింది, అన్నీ అందులో ఎక్కుతాయి. మన సర్కారు ఉద్యోగి సర్వీసు రిజిస్టరు లాంటిదే. ఏనుగు కన్నుమూసేదాకా ఆ పుస్తకం మూయరు. తరతరాలుగా పోగైన ఈ పుస్తకాల ఆధారంగానే ఇవాళ శాస్త్రజ్ఞులు ఏనుగుల ఆయుష్షునూ సంతానాన్నీ అధ్యయనం చేస్తున్నారు.

సర్వీసు నిబంధనలు చూస్తే ముచ్చటేస్తుంది. గున్నకు ఐదేళ్లు వచ్చేదాకా తల్లి వెంటే. ఆ తర్వాతే పేరు, నంబరు, మావటి. మావటిని అక్కడ ఊజీ అంటారు. 17 ఏళ్ల వరకు సామాన్లు మోయడంలాంటి తేలిక పనులే. ఆపైన దుంగలు లాగే పని. 55 దగ్గర విశ్రాంతి. చూలు సగం నెలలు నిండగానే ఆడ ఏనుగును బరువు పని మాన్పిస్తారు, గున్న మొదటి పుట్టినరోజు దాటేదాకా మళ్లీ పెట్టరు. ఏనుగు గర్భం మోసేది దాదాపు 22 నెలలు కనుక ఈ సెలవు ఇంచుమించు రెండేళ్లు!

పని కాలం జూన్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు మించకుండా, మధ్యాహ్నం విరామంతో. ఏనుగు ఒంటికి చెమట పట్టడం దాదాపు ఉండదు, ఎండకు తట్టుకోలేదు. అందుకే వేసవి అంతా సెలవు. దుంగల్ని మోసుకుపోయే వాగులు పొంగేదీ వానల్లోనే కదా. పచ్చి టేకు నీట మునుగుతుంది. కనుక మాను మొదలు చుట్టూ బెరడునూ తెల్లకర్రనూ చేవదాకా చెక్కేసి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చి, అప్పుడు కొడతారు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మేత ఏర్పాటు. రోజుకు క్వింటాలుకు పైగా తినే జంతువుకు శిబిరంలో గడ్డి ఎవరు తెచ్చిపోస్తారు? పని అయ్యాక ముందరికాళ్లకు గొలుసు వేసి అడవిలోకి వదిలేస్తారు. రాత్రంతా అది తన తిండి తనే వెతుక్కుంటుంది, అడవి ఏనుగులతోనూ కలుస్తుంది. దాని మెడలో కలౌక్ అనే కొయ్యగంట ఉంటుంది. టేకు ముక్కను తొలిచి, చెక్క నాలుకలు బయటివైపు వేలాడేలా ఊజీయే చేస్తాడు. చేతిపని కనుక ఏ రెండు గంటలూ ఒకేలా పలకవు. తెల్లవారుజామున ఊజీ అడుగుజాడలు పట్టుకుని వెళ్లి, నాలుగైదు కొయ్యగంటలు ఒకేసారి మోగుతున్నా తన దాన్ని చెవితోనే పోల్చుకుంటాడు. మేతకు ఖర్చు లేదు, కావలివాడు అక్కర్లేదు. ఏనుగుకూ సగం రోజు దాని బతుకు దానికి మిగులుతుంది. కొన్ని తెలివైనవి గంటలో బురద కూరుకుని చప్పుడు లేకుండా అరటితోటల్లో పడేవట. బాంబే బర్మా కంపెనీలో 1920లో చేరిన జె.హెచ్. విలియమ్స్ తన 'ఎలిఫెంట్ బిల్' పుస్తకంలో ఈ సంగతి రాశాడు.

పనిలో మెడమీద ఊజీ కూర్చుంటాడు. చెవుల వెనక కాలివేళ్ల ఒత్తిడితోనూ మాటతోనూ నడుపుతాడు. కింద ఉన్న సహాయకుడు దుంగ కొసన గొలుసు బిగిస్తాడు, విప్పుతాడు. కొన్ని ఏనుగుల గుంపుకు, వాటి ఊజీలకు పెద్దగా ఉండే మనిషిని సింగౌంగ్ అంటారు.

ఈ పద్ధతికి చీకటి కోణమూ ఉంది. అడవి ఏనుగుల్ని పట్టి లొంగదీయడం కిరాతకంగా సాగేది. దీనికి భిన్నంగా, 1897లో పుట్టిన బందూలా అనే గున్నను పో టోకే అనే మావటి చిన్ననాటి నుంచే లాలనతో పనికి అలవాటు చేశాడని విలియమ్స్ రాశాడు. ఇక ఆ దుంగలు చేరే రంగూన్ కోతమిల్లుల్లోనూ రేవుల్లోనూ చెమటోడ్చినవాళ్లలో మన తీరాంధ్ర కూలీలు ఎందరో. కోరంగి రేవు పేరుమీద వాళ్లను అక్కడ కోరంగీలనేవారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడిపోయిన ఆ మనిషికి ఏనుగుకున్నపాటి సెలవు నియమం లేదు. అది నాకు బాధగానే ఉంటుంది.

2016లో మయన్మార్, అంటే ఈ బర్మాయే, ఏడాదిపాటు కలప కొట్టడం ఆపేసింది. ఏనుగులెన్నింటికో పని లేకపోయింది. ఊజీలు కూడా ఇప్పుడు చిన్నవయసు వాళ్లు, అనుభవం తక్కువ, తరచూ మారిపోతున్నారు. ఏళ్ల తరబడి ఒకే గొంతు విన్న ఏనుగు కొత్తవాడి మాటకు వెంటనే కదలదు. దాన్ని అలవాటు చేసుకునేంత కాలం ఊజీ నిలబడాలంటే అతని జీతం, ఊరు, పెళ్లి, పిల్లల చదువు ఎవరు చూసుకుంటారన్నది శిబిరాల్లో ఇప్పుడున్న ప్రశ్న.