మారాల్సింది కొత్తగా వచ్చిన పిల్లేనా?

బడి మారిన పిల్లల నవలలకు పాతకాలం నుంచీ ఒక చట్రం ఉంది. థామస్ హ్యూజ్ 1857లో రాసిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో చేరిన కుర్రవాడి కథ. ఎనిడ్ బ్లైటన్ 1946 నుంచి 1951 దాకా ఆరు పుస్తకాలుగా వెలువరించిన 'మాలరీ టవర్స్' కూడా డారెల్ అనే అమ్మాయి కొత్త హాస్టలు బడికి బయలుదేరడంతోనే మొదలవుతుంది. ఈ పద్ధతిలో రచయితకు పెద్ద సౌలభ్యం ఉంది. బడి పాఠకులకూ కొత్తే కనుక ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో జాగ్రత్తగా ఉండాలో, ఏ మాటకు నలుగురూ నవ్వుతారో నాయికతో పాటే తెలుసుకుంటారు. లోటు కూడా అక్కడే ఉంది. బడి ఉన్నచోటే ఉంటుంది, మారాల్సిన భారమంతా కొత్తబిడ్డ మీద పడుతుంది. ఈ సంప్రదాయంలో మేలైన రచనలు ఆ భారాన్ని పాతవాళ్ల మీదికి మళ్లించాయి. ఉపదేశాలతో పని లేకుండా, కథ ఎవరి కళ్లతో చూపాలన్న నిర్ణయంతోనే ఆ పని సాధించాయి.

ఎలినార్ ఎస్టెస్ 1944లో ప్రచురించిన చిన్న అమెరికన్ నవల 'ది హండ్రెడ్ డ్రెసెస్' ఇందుకు గట్టి ఉదాహరణ. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఏళ్లపాటు ఉండటంతో మన దగ్గర కూడా చాలామంది ఈ కథ చదివారు. వాండా పెట్రోన్‌స్కీ పోలండ్ మూలాలున్న పేదింటి పిల్ల. రోజూ అదే వెలిసిపోయిన నీలం గౌను వేసుకొస్తుంది. శుభ్రంగా ఉతికిందే కానీ ఇస్త్రీ సరిగా పడనిది. ఇంట్లో తనకు వంద గౌన్లున్నాయని ఒకసారి అన్నందుకు, పెగ్గీ అనే అమ్మాయి అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగి అందరినీ నవ్విస్తుంది. రచయిత్రి ఈ కథను పక్కన మౌనంగా నిలబడే మ్యాడీ మనసులోంచి నడిపింది. మ్యాడీదీ పేదిల్లే, పెగ్గీ విడిచిన గౌన్లు తొడుక్కునే పిల్ల. ఈ ఆట ఆపమని పెగ్గీకి చీటీ రాయబోయి, వాండా తర్వాత తన వంతు వస్తుందేమోనని భయపడి దాన్ని చింపేస్తుంది. ఏడిపించేవాళ్ల గురించి చదివినప్పుడు ఏ పిల్లలైనా "నేనలాంటిదాన్ని కాదు" అనుకుని తప్పుకోగలరు. మ్యాడీ దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. తరగతిలో ఎక్కువమంది ఉండేది ఆమె స్థానంలోనే కదా. ఆ వంద గౌన్లు వాండా గీసిన బొమ్మలని తెలిసి, వాటికి బహుమతి ప్రకటించేనాటికే ఆ కుటుంబం ఊరు విడిచిపోయింది.

ఆర్.జె. పలాసియో 2012లో రాసిన 'వండర్' మరో దారి పట్టింది. పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న పదేళ్ల ఆగీ ఐదో తరగతిలో మొదటిసారి బడికి వెళతాడు. కథను అతనితో పాటు అక్క వయా, స్నేహితులు సమ్మర్, జాక్, మరికొందరు వంతులవారీగా చెబుతారు. హాలోవీన్ నాడు ముసుగు వెనకున్నది ఆగీ అని తెలియక, జాక్ అతని గురించి క్రూరంగా మాట్లాడతాడు. ఆ దెబ్బ మనకు మొదట ఆగీ వైపు నుంచే తగులుతుంది. ఆ తర్వాత జాక్ వంతు వచ్చినప్పుడు, స్నేహితుడు ఎందుకు దూరమయ్యాడో తెలియక అతను తికమకపడటం, సమ్మర్ ఇచ్చిన చిన్న ఆచూకీతో తన తప్పు తానే కనుక్కోవడం చూస్తాం. గాయపడినవాడితో ముందే నిలబడ్డాం కనుక జాక్ పశ్చాత్తాపం మనకు సాకులా వినిపించదు.

ఇలాంటి కథల్లో బాధపడే బిడ్డ మిగతావాళ్లు బాగుపడటానికి పనిముట్టుగా మిగులుతుందన్న అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా తోసేయదగినది కాదు. వాండా మాట్లాడేది చాలా తక్కువ. 'వండర్' చివర ఆగీకి దక్కే పతకం, చప్పట్లు ఈ విమర్శకు బలమిస్తాయి కూడా. అయితే కొత్తబిడ్డ గొంతు నిలుపుతూనే బడిని మార్చవచ్చని తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన తెత్సుకో కురొయనాగి పుస్తకం 'తొత్తోచాన్' (1981) చూపుతుంది. అది నవల కాదు, రచయిత్రి బాల్యజ్ఞాపకాలు. ఒకటో తరగతిలోనే మొదటి బడి పంపేసిన అల్లరిపిల్లను టోక్యోలోని తొమోయె బడి హెడ్మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాలుగు గంటలపాటు ఆమె చెప్పిందంతా వింటాడు. ఇక్కడ సర్దుకున్నది బడే. ఇక అపరాధభావంతో ముగిసే కథలు పిల్లలకు బరువనేవారూ ఉన్నారు. కానీ మ్యాడీ ఆ భావంలో కూరుకుపోదు. ఇకమీదట ఎవరినైనా ఏడిపిస్తుంటే నోరు మూసుకుని నిలబడనని నిశ్చయించుకుంటుంది. పిల్లలు మోయలేని బరువు కాదది, వాళ్లకు చేతనైన పనే.

పల్లె బడి నుంచి గురుకులానికో, పట్నంలోని ఇంగ్లీషు మీడియం బడికో వెళ్లే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో. యాసకూ, ఇంటిపేరుకూ, టిఫిన్ డబ్బాలో ఉన్నదానికీ నవ్వులపాలయ్యేది వాళ్లే. "మెల్లగా అలవాటవుతుందిలే" అన్న ఓదార్పు వాళ్లకు పెద్దలెలాగూ చెబుతారు. తెలుగు బాలల నవల వాళ్ల పక్క బెంచీలో కూర్చున్నవాళ్లతో మాట్లాడాలి. ఆ నవ్వు మొదలైనప్పుడు తానేం చేసిందో చెప్పుకునే పక్క బెంచీ పిల్ల గొంతుతో ఒక మంచి నవల వస్తే, అది కొత్తగా వచ్చిన బిడ్డకు ఎన్ని ధైర్యవచనాలకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.